బోరుబండికీ బందే

తాళ్లకుంటలో ఒకప్పుడు పందొమ్మిది బావులుండేవి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాదికి వాటిలో నీళ్లున్నది ఒక్కటే. దాన్ని మూడిండ్ల బావి అంటారు. కొండవ్వ మామ, జానీ పాషా తాత, వెంకటనర్సయ్య తండ్రి కలిసి తవ్వుకున్న బావి అది. పక్కపక్కనే ఉన్న మూడిండ్ల పొలాలకూ అదే ఆధారం.

మిగిలిన పద్దెనిమిది ఎట్లా పోయాయో ఊళ్లో అందరికీ తెలుసు. పక్క చేన్లో బోరు పడ్డ రెండేళ్లకో మూడేళ్లకో బావి ఎండేది. ఆ తర్వాత ఆ బోరూ ఎండేది. ఇంకో బోరు ఇంకా లోతుకు దిగేది. ఎండిన బావుల్లో సర్కారుతుమ్మలు మొలిచి, వాటి కొనలు ఇప్పుడు గట్టు మీదికి తొంగి చూస్తున్నాయి.

మూడిండ్ల బావి మిగలడం గంగమ్మ దయ అంటుంది కొండవ్వ. నిజమే కావచ్చు. కానీ ఆ దయకు కింద మనుషులు పాటించిన పద్ధతి కూడా ఒకటుంది. ప్రతి ఏడూ ఆరుద్ర కార్తె మొదటి సోమవారం పొద్దున మూడిండ్ల వాళ్లూ బావి దగ్గరికి వస్తారు. కొండవ్వ దీపం పెడుతుంది. జానీ పాషా భార్య గౌసియా బేగం ఊదు వేస్తుంది. వెంకటనర్సయ్య పొడి మెట్లు లెక్కబెట్టుకుంటూ లోపలికి దిగుతాడు. బావికి మొత్తం ముప్పై రెండు మెట్లు. పొడివి పోను మిగిలినవి నీళ్లలో ఉన్నట్టు. నీళ్లలో ఉన్న ఒక్కో మెట్టుకు ఇంటికి నాలుగు గుంటల వరి. అంతకు మించి ఎవరూ నాటు వేయకూడదు. మిగిలిన చెలకలో వానకు పండే మక్కో కందో వేసుకోవాలి. ఈ కట్టడి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. తప్పిన వాళ్లు మాత్రం అప్పటిదాకా లేరు.

ఆ ఏడు పది మెట్లు నీళ్లలో ఉన్నాయి. అంటే ఇంటికి నలభై గుంటలు, ఒక ఎకరం. కొండవ్వ ఎకరం నాటింది, జానీ పాషా ఎకరం నాటాడు. వెంకటనర్సయ్యకు మోకాళ్లు పట్టేసి సేద్యం కొడుకు క్రాంతి చేతికి వచ్చింది. క్రాంతి మూడెకరాలు నాటాడు.

క్రాంతి చెడ్డవాడు కాదు. ఊళ్లో ఉద్యమానికి ముందుండే పిల్లవాడు. డిగ్రీ చదివాడు, మైకు అందుకున్నాడంటే పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్లు కూడా నడుము ఎత్తి వింటారు. రెండుసార్లు లాఠీదెబ్బలు తిన్నాడు. వాడిని మొదటిసారి ఠాణాలో కూర్చోబెట్టినప్పుడు, సద్ది కట్టుకుని బస్సెక్కి సిద్దిపేటకు పోయింది కొండవ్వే. చుట్టరికం ఏమీ లేకున్నా పుట్టినప్పటి నుంచీ ఆమెను చిన్నమ్మా అనే పిలుస్తాడు.

నాట్లప్పుడే ఆమె అడిగింది.

"ఎకరం గద కొడుకా, మూడెందుకు పెడుతున్నవ్?"

"వానలు మంచిగ పడుతయట చిన్నమ్మా."

"ఎవలు చెప్పిన్రు?"

"టీవీల చెప్పిన్రు."

"టీవీల చెప్పినాయినె వచ్చి నీ మడికి నీళ్లు పెడతడా?"

క్రాంతి నవ్వి ఊరుకున్నాడు. ఆమె కూడా నవ్వింది. అప్పుడు ఇంకాస్త గట్టిగా అడగాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

వినాయక చవితి పోయాక వానలు మొగులు చూపించి వెనక్కి పోయాయి. బొగ్గుబావుల వాళ్లు కూడా సమ్మెలో దిగడంతో కరెంటు కోత మొదలైంది. బావి మీద ఉన్న ఒక్క మోటరును మూడిండ్ల వాళ్లు దినానికొకరు నడుపుకుంటారు. క్రాంతి తన వంతు నీళ్లను మూడెకరాలకూ పారించబోయి మూడింటినీ సగం సగం తడిపాడు. పొలం పొట్టకొచ్చే సమయానికి మడి నెర్రెలు బాసింది.

ఒక శుక్రవారం అవతలి మండలం నుంచి నీళ్లు చూసేటాయనను మోటారుసైకిలు మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు క్రాంతి. ఆయన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని పొలమంతా తిరిగాడు. ఎక్కడా కాయ కదలలేదు. చివరికి పొలం మూలకు వచ్చేసరికి, మూడిండ్ల బావికి ఇరవై అడుగుల దూరంలో, కాయ లేచి నిటారుగా నిలబడింది. చుట్టూ ఉన్న పదిమందీ చప్పట్లు కొట్టారు.

కొండవ్వ అప్పుడే బావికి బొట్టు పెట్టడానికి వచ్చి ఉంది. పసుపూ కుంకుమా చేతిలోనే ఉన్నాయి. కాయ నిలబడటం చూడగానే ఆమె ఒళ్లు పులకరించింది. గంగమ్మ చూపించిన జాగ కదా. వంగి ఆ మట్టి మీద పసుపు చల్లింది, కుంకుమ పెట్టింది, కళ్లు మూసుకుని మొక్కింది. పక్కవాళ్లు ఆమెను చూసి తామూ మొక్కారు.

ఇంటికి వచ్చి భర్త బుచ్చయ్యకు సంబరంగా చెప్పింది. ఆయన గడ్డపార కొసను సాన పెడుతూ విన్నాడు.

"బొట్టు పెట్టినవా?"

"పెట్టిన."

"బోరుకా?"

ఆమె "గంగమ్మకు" అంది.

"ఆడ గంగమ్మ ఉన్నదని మనకు ఇయ్యాల్నే తెల్సిందా? ఇరవై అడుగుల ఇవతల బావే ఉండె" అని బుచ్చయ్య మళ్లీ గడ్డపార అందుకున్నాడు.

కొండవ్వ కడప మీద అట్లాగే కూర్చుంది. కాయ నిలబడకుండా ఎట్లా ఉంటుంది? అడుగున ఉన్నది వాళ్ల బావి నీళ్లే. బావికి పెట్టాల్సిన బొట్టు తీసుకుపోయి ఆ బావి ప్రాణం తీసే చోట పెట్టి వచ్చింది. మొక్కడం ఇంత అలవాటైపోయాక, దేనికి మొక్కుతున్నామని చూసుకోవడం మరచిపోతామేమో.

మరునాడు పొద్దున్నే క్రాంతి ఇంటికి పోయింది. వెంకటనర్సయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు, మోకాళ్లకు నూనెగుడ్డలు చుట్టుకుని. ఆయన ఆమె ముఖం చూసి గోడ వైపు తిరిగాడు. ఎందుకు వచ్చిందో ఆయనకు అర్థమైంది.

"బోరుబండి వద్దని చెప్పు కొడుకా. బావి పోతది" అంది కొండవ్వ.

"బొట్టు పెట్టింది నువ్వే గద చిన్నమ్మా. ఊరంత చూసిన్రు. నువ్వు ఒప్పుకున్నవనే నేను బండోళ్లకు ఫోన్ చేసిన."

"నేను అమ్మకు మొక్కిన. నీ బోరుకు మొక్కలే."

"బోరు పాయింటు మీద పెట్టిన బొట్టు బోరుకు గాక ఇంకెవలికి?"

"అది నా తప్పు. దానికి బావిని చంపుతవా?"

"బావికేం కాదు. మనది నలభై ఫీట్ల బావి. నేను ఆరు వందల ఫీట్లు పోత. నీ నీళ్లు ఏడ, నా నీళ్లు ఏడ."

"భూమి కింద నీళ్లకు పేర్లు రాసిపెట్టి ఉన్నయా?"

క్రాంతి లేచి నిలబడ్డాడు. "పొట్టకొచ్చిన పొలం చిన్నమ్మా. పొద్దుగాల లేచి ఆ మడిల నిలవడితే కాళ్లు గుంజుతున్నయ్. నువ్వొచ్చి నిలవడి చూడు, అప్పుడు చెప్పు వద్దని."

కొండవ్వ కొంగు సర్దుకుని బయటికి నడిచింది. ఎండే పొలంలో ఆమె నిలబడని మనిషి కాదు.

బావికి అంత దగ్గర బోరు వేయాలంటే మండలాఫీసులో కాగితం కావాలని జానీ పాషా చెప్పాడు. సోమవారం ఇద్దరూ కలిసి పోయారు. ఆఫీసుకు తాళం ఉంది. ఆఫీసు వాళ్లంతా రోడ్డు మీద సమ్మె టెంటులో ఉన్నారు. విజయమ్మ అనే ఉద్యోగి ముందు వరుసలో కూర్చుని స్వెట్టరు అల్లుతోంది. కొండవ్వ చెప్పిందంతా ఆమె ఓపికగా విన్నది.

"తప్పేనమ్మా. బావికి గంత దగ్గర వెయ్యద్దు. అయితే నేను మనిషిగ చెప్తున్న. ఆఫీసుగ చెప్పాలంటే కాగితం మీద చెప్పాలె. కాగితం ముట్టుకుంటే సమ్మె ఇడిసినట్టయితది."

"మరి కాగితం లేకుండ ఆయన బోరు ఎట్ల వేస్తడు?"

"అడిగేటోళ్లు లేరు గదమ్మా. ఈ నెల రోజుల నుంచి మండలమంత గదే పని."

కొండవ్వ టెంటు బయట ఆగి ఉన్న బస్సులను, మూసి ఉన్న దుకాణాలను చూసింది. "బడి బందు, బస్సు బందు, బొగ్గు బందు. సకల జనులు అంటిరి. బోరుబండోళ్లు జనులు కారా మేడం?"

విజయమ్మ అల్లిక ఆపి నవ్వింది. మళ్లీ సూదులు అందుకుంది. తిరుగుదారిలో కొండవ్వ జానీ పాషా కంటే పది అడుగులు ముందే నడిచింది. ఆమె అట్లా నడుస్తుంటే ఏదో తేల్చుకుంటోందని జానీ పాషాకు అనుభవం మీద తెలుసు.

ఆ మరునాడు రాస్తారోకోకు తాళ్లకుంట ఊరంతా సిద్దిపేట రోడ్డు మీదికి వచ్చింది. ఊరి బండ్లబాట మొదలయ్యే చోటనే, తారురోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు మొదలుపెట్టారు. క్రాంతి మైకులో చెబుతున్నాడు. అంబులెన్సు, పాలబండి తప్ప ఏదీ కదలొద్దు. మన నీళ్లు మనల్ని అడగకుండా మలుపుకుపోయారు, మన కడుపు కొట్టి పక్క పొలాలు తడుపుకున్నారు, ఇక ఊరుకునేది లేదు. గుంపు గట్టిగా జై కొట్టింది. కొండవ్వ పప్పులోకి ఉల్లిగడ్డలు కోస్తూ తానూ జై కొట్టింది. ఆ మాటలన్నీ ఆమెకు నిజంగానే నిజం.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆగిన లారీల వరుస వెనక నుంచి రెండు పెద్ద బండ్లు కనబడ్డాయి. ముందుది బోరుబండి, వెనకది పైపుల బండి. క్రాంతి మైకు పక్కవాడికిచ్చి పోయి, రోడ్డు పక్కన కంకర మీది నుంచి ఆ రెంటినీ ముందుకు రమ్మని చేయి ఊపాడు. రోడ్డుకు అడ్డంగా కట్టిన తాడును పిల్లలు పైకెత్తి పట్టుకున్నారు.

కొండవ్వ కత్తిపీట పక్కకు జరిపింది. పోయి బోరుబండి ముందర కంకర మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"చిన్నమ్మా, జరుగు" అన్నాడు క్రాంతి.

"ఇది అంబులెన్సా?"

తాడు పట్టుకున్న పిల్లలు కిసుక్కున నవ్వారు.

"మన బండే చిన్నమ్మా. మనూరికే పోయేది."

"పొద్దుగాల పెండ్లి బండి ఆపితిరి. పెండ్లికొడుకు చెప్పులు చేతవట్టుకుని నడిచి పోయిండు. ఆయన మనోడు కాడా? బందంటే బందు. నేను కాదు, మైకుల నువ్వే చెప్పినవ్."

"నువ్వు కావాల్నని చేస్తున్నవ్."

"కావాల్ననే చేస్తున్న. అడగకుండ నీళ్లు మలుపుకపోయిన్రని ఇప్పుడే గద అంటివి? నువ్వు గౌసియాను అడిగినవా? నన్ను అడిగినవా?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు కొడుకా? అది కాలువ, ఇది బొక్క. గంతే."

ఈసారి నవ్వింది పిల్లలు కాదు, పొయ్యిల దగ్గరున్న ఆడవాళ్లు. క్రాంతి ముఖం ఎర్రబడింది. చుట్టూ చూశాడు. ఊరు చూస్తోంది, ఆగిన లారీల వాళ్లు చూస్తున్నారు. తాడు కిందికి దించమన్నాడు. బోరుబండి ఆ ఎండలో అక్కడే ఆగిపోయింది. డ్రైవరు సేలం దిక్కు మనిషి. దిగి వచ్చి వరుసలో కూర్చుని అందరితోపాటు పప్పన్నం తిన్నాడు.

నాలుగు గంటలకు పై నాయకుల నుంచి ఫోన్ వచ్చింది, ఇవాళ్టికి చాలని. పొయ్యిలు తీశారు, తాళ్లు విప్పారు. కార్లూ లారీలూ హారన్లు కొట్టుకుంటూ కదిలాయి. జనం చాపలు దులుపుకుని లేచారు. క్రాంతి నేరుగా బోరుబండి దగ్గరికి పోయి డ్రైవరుకు ఊరి బాట చూపించాడు.

బాట మొదట్లో, రెండు కంప చెట్ల నడుమ, కొండవ్వ మళ్లీ కూర్చుని ఉంది.

"బందు అయిపోయింది చిన్నమ్మా."

"మీది అయిపోయింది. మాది ఇప్పుడే షురూ అయింది."

"ఈ పిలుపు ఎవలిచ్చిన్రు?"

"నేనిచ్చిన."

చాప చంకన పెట్టుకుని ఇంటికి పోతున్న గౌసియా బేగం ఆగింది. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చాప బాట మీద పరిచి, "జర జరుగు అక్కా, నాకు గూడ జాగియ్యి" అని పక్కన కూర్చుంది. జానీ పాషా కాసేపు నిలబడి, భార్య ముఖం చూసి, తానూ చాప కొసన కూర్చున్నాడు. పొద్దంతా అరిచి అరిచి అలవాటైన పిల్లలు ఎవరో కూర్చోవడం చూడగానే జై తెలంగాణ అని అందుకున్నారు.

"నోరు మూయున్రి" అన్నాడు క్రాంతి.

గుంపులో నుంచి ఒక ముసలాయన గట్టిగా అన్నాడు. "బొట్టు పెట్టింది ఆమెనే, ఇప్పుడు అడ్డం కూసున్నది ఆమెనే. అమ్మ చూపించిన జాగను కాదంటే ఊరికి అరిష్టం. శాపం తగుల్తది."

కొండవ్వకు ఆ మాట గుండెలో దిగింది. నాలుగు దినాల నుంచి తనలో తాను అనుకుంటూ భయపడుతున్న మాట అది. ఆమె లేవలేదు. కూర్చున్న చోటు నుంచే అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"నిజమే, నేనే పెట్టిన. తెలివి లేక పెట్టిన. తప్పయిందని పొద్దుగాల బావిల దిగి అమ్మకే చెప్పుకున్న. అమ్మ నీళ్లు చూపించింది తోడుకోమని. చివరిదాక పీల్చుకోమని కాదు. అట్ల కాదు, ఇది తప్పే అంటరా, శాపం నాకు తగులనియ్యి. నేను మోస్త. బావికి మాత్రం తగులద్దు."

ముసలాయన గుంపులోకి వెనక్కి జరిగాడు. దేవుడి మాట దేవుడే చెప్పాలి తప్ప, ఇద్దరు భక్తులు వాదించుకుంటే తేలేది కాదు.

ఇంతలో హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. పొద్దుటి నుంచీ నిలబడి కాళ్లు వాచిపోయిన మనిషి, తొందరగా ఇంటికి పోవాలని ఉంది. సంగతి విని క్రాంతి భుజం మీద చేయి వేశాడు.

"ముగ్గురే ఉన్నరు. ఎత్తి పక్కకు పెట్టమంటవా? రెండు నిమిషాల పని."

క్రాంతి ఆ చేతి వైపు చూశాడు. పోయిన మార్చిలో ఇదే రోడ్డు మీద వాడిని కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తి వ్యానులో వేసిన వాళ్లలో ఈ హెడ్డు కూడా ఉన్నాడు. ఆ రోజు వాడి అంగీ చినిగితే, ఠాణాలో కూర్చుని దాన్ని సూదితో కుట్టింది కొండవ్వ. ఆమె ఇప్పుడు వాడి వైపు చూడటం లేదు. నేల మీద చేతులు ఆన్చి, ఎత్తితే ఎట్లా బరువు పెట్టాలో ఆలోచిస్తున్నట్టు కూర్చుంది.

"చెప్పు, పొద్దు పోతుంది" అన్నాడు హెడ్డు.

"వద్దు. ముట్టకున్రి" అన్నాడు క్రాంతి.

డ్రైవరు అప్పటిదాకా చక్రానికి ఆనుకుని చూస్తున్నాడు. వచ్చీరాని తెలుగులో అన్నాడు. "తంబీ, ఈ నెల ఇక్కడ పదకొండు వేసినా. తొమ్మిదిలో దుమ్ము వచ్చింది, నీళ్లు లేదు. నాకు వేరే ఊరు ఉంది. పోవాలా, ఉండాలా?"

"పో" అన్నాడు క్రాంతి.

రెండు బండ్లూ వెనక్కి తిరగడానికి చాలాసేపు పట్టింది. రోడ్డెక్కి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా కొండవ్వ లేవలేదు.

క్రాంతి కంకర కుప్ప మీద కూలబడ్డాడు. "సంబరం అయిందా? ఇప్పుడు నా పొలం సంగతి చెప్పు."

"ఒక్క ఎకరం దక్కించుకుందాం. మూడెకరాలకు పారించి మూడు ఎండవెట్టినవ్. ఒక్కదానికే పెట్టు. నా వంతు మూడు దినాలకోపారి వస్తది గద, ఒకపారి నేను పెట్టుకుంట, ఒకపారి నీకు ఇడుస్త."

"నీ పొలమో?"

"కొంచెం తాలు పోతది. పోనియ్యి."

"మిగతా రెండెకరాలు?"

"పోయినట్టే."

"ఎంత అల్కగ, ఏం కానట్టు అంటున్నవ్ చిన్నమ్మా."

"అల్కగ అంటలేను. అనాలె గాబట్టి అంటున్న."

వాడు లేచి మోటారుసైకిలు తీసి పోయాడు. జానీ పాషా చాప చుట్టుకుంటూ, "రేపు ఇంకో బండిని పిలుస్తడేమో" అన్నాడు. "పిలిస్తే ఈ చాప తేవుడు మర్వకు" అంది కొండవ్వ.

మరునాడు పొద్దున ఆమె బావి దగ్గరికి పోయేసరికి క్రాంతి అక్కడే ఉన్నాడు. రెండెకరాల మడికి కట్టిన కంచె తీసేసి, తమ ఎడ్లనూ బర్రెలనూ లోపలికి తోలాడు. పొట్టకొచ్చిన వరిని అవి పరపర తెంపుకుని తింటున్నాయి. కళ్లు ఉబ్బి ఉన్నాయి వాడికి. వెంకటనర్సయ్య కట్టె పట్టుకుని ఎట్లా నడిచి వచ్చాడో ఏమో, ఒడ్డు మీద నిలబడి ఆ తినే పశువులనే చూస్తున్నాడు.

"తిననియ్యి, వాటికన్న దక్కనియ్యి. చూసుకో చిన్నమ్మా, నువ్వన్నట్టే అయింది" అన్నాడు క్రాంతి.

పశువులు మేసే ఆ చప్పుడు వినడం కొండవ్వకూ కష్టంగానే ఉంది. ఆ రోజు ఆమె వంతు. కరెంటు రాగానే మోటరు వేసి, తన మడికి పోయే కాలువను మట్టితో కట్టి, క్రాంతి ఎకరం వైపు తెగ్గొట్టింది. నీళ్లు నెర్రెల్లోకి దిగుతుంటే మట్టి చిటచిటమంది.

"పార తెచ్చుకో. అవతల ఒడ్డు తెగుతది, నేనొక్కదాన్నే ఎన్ని దిక్కుల ఉరకాలె" అంది.

వాడు పార తెచ్చాడు. ఒడ్డుకు మట్టి వేస్తూ, ముఖం ఎత్తకుండానే అన్నాడు. "మన రాష్ట్రం వస్తది. కాలువ వస్తది. అప్పుడు ఇంకో మూడెకరాలు ఎక్కువ పెడత. అప్పుడు నన్ను ఎవలు ఆపుతరో చూస్త."

"నేనే. ఇంకెవలు."

"నువ్వు అప్పటిదాక ఉంటవా?"

"లేకుంటే గౌసియా ఉంటది" అంది కొండవ్వ. "అగో, కాలు తియ్యి, నీళ్లకు అడ్డం నిలవడ్డవ్."